కానిచ్చెయ్

“సంతకం కానిచ్చెయ్ అమ్మా. పదకొండుకి హాస్పిటల్ వాళ్లొస్తున్నారు.”

సుబ్బరాజు ఒక కాగితం తెచ్చి జబీన్ కీబోర్డు మీద పెట్టాడు. దానిపైన తన పెన్ను కూడా పెట్టాడు. పద్మారావు నగర్‌లోని ఆ చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో అతను టీమ్ లీడ్. టీ చెప్పాలన్నా, ప్రాజెక్టు ముగించాలన్నా, భీమవరం నుంచి వెంట తెచ్చుకున్న ఆ ఒక్క మాటే వాడతాడు. కానిచ్చెయ్.

జబీన్ చదివింది. ‘నా నిర్లక్ష్యం వల్ల వెబ్‌సైటు పరీక్షలో లోపం బయటపడలేదు. బాధ్యత నాది. ఉద్యోగానికి రాజీనామా చేస్తున్నాను.’ కింద ఆమె పేరు ముందే టైపు చేసి ఉంది.

“ఏంది సార్ ఇది? నేనేం చేసిన?”

“సోమయ్య ఐసీయూలో ఉన్నాడు. నువ్వు టెస్టరువి. ఇంకేం చెప్పాలి?”

సోమయ్యది జబీన్ ఉండే సీతాఫల్‌మండి. రోజు విడిచి రోజు డయాలసిస్. వంతు ఈ ఆఫీసు కట్టిచ్చిన కొత్త వెబ్‌సైటులోనే తీసుకోవాలని హాస్పిటల్ వాళ్లు రూలు పెట్టారు. సోమవారం ఆయన ఇంటి పక్క జిరాక్స్ షాపులో కూర్చుని గంటసేపు బటన్ నొక్కాడు. పని జరగలేదు. వంతు పోయింది. మంగళవారం సాయంత్రానికి ఊపిరాడక ఎమర్జెన్సీలో చేర్చారు.

జబీన్‌కు ఒళ్లు మండింది. ఆమె కట్టిన పరీక్షలు రోజూ ఉదయం వాటంతటవే నడుస్తాయి. క్రోమ్, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్ మూడు బ్రౌజర్లలోనూ సైటు తెలుగులో తెరిచి, రోగి చేసినట్టే పేరు రాసి, వంతు తీసుకుని చూస్తాయి. ప్రతి పేజీకీ ఒక ఫైలు. ఆ పేజీలో ఏ బటన్ ఎక్కడుంది, దాన్నెలా తాకాలి అన్నది ఆ ఫైలులోనే ఉంటుంది. పరీక్షలు ‘రాయి’, ‘చూడు’, ‘నొక్కు’ అని మాత్రమే అంటాయి. ఈ తెలుగు మాటలను ఆమె ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టినప్పుడు ఆఫీసంతా నవ్వింది. పేజీ మారితే ఒక్క ఫైలు సరిచేస్తే చాలు, నలభై పరీక్షలూ సర్దుకుంటాయి.

ఆ ఒక్క ఫైలు అబద్ధమాడితే నలభై పరీక్షలూ అబద్ధమాడతాయి.

పరీక్ష నెగ్గితే పచ్చ, తప్పితే ఎరుపు. సోమవారం ఉదయం మూడు బ్రౌజర్లూ పచ్చగానే ఉన్నాయి. ఆమెకు బాగా గుర్తుంది. పెన్ను ముట్టుకోకుండా జిరాక్స్ షాపు రియాజ్‌కు ఫోన్ కలిపింది.

“రియాజ్ భాయ్, సోమయ్య తాత మీ దుకాన్ల ఏ బ్రౌజర్ల చేసిండు?”

“ఫైర్‌ఫాక్స్ ఆపా. మా దగ్గర గదొక్కటే ఉంటది. తెలుగు పెట్టుకున్నడు, ఆయనకు ఇంగ్లీషు రాదు గద. కింద హెల్ప్‌లైన్ నంబరున్న నీలం పట్టీ లేదా? బటన్ దాని కిందికి పోయింది. అక్షరాల తలకట్లే కనిపిస్తున్నయ్. ఎంత నొక్కినా పట్టీకే తగుల్తది. నేనొచ్చి ఇంగ్లీషుకు మార్చేసరికి వంతులు ఖతం. ముసలాయన జెర సేపు స్క్రీన్ దిక్కే చూస్కుంట కూసున్నడు.”

తెలుగులో వరుసలు పొడుగు. ఫైర్‌ఫాక్స్‌లో అవి రెండేసి వరుసలై బటన్‌ను కిందికి నెట్టాయి. కానీ ఆమె రాసిన ‘నొక్కు’ ముందు బటన్ మీద ఏదైనా అడ్డం ఉందేమో చూస్తుంది. మనిషి వేలు చేరగలిగితేనే నొక్కుతుంది. ఫైర్‌ఫాక్స్ ఎర్రబడి తీరాలి. ఎందుకు పడలేదు?

ఫైలు తెరిచింది. ‘నొక్కు’ లోపల అడ్డం చూసే లైన్లు లేవు. వాటి చోట ఒకే ఒక్క లైను ఉంది. దానికి బటన్ కనబడక్కర్లేదు, పేజీ వెనక నుంచి దొంగచాటుగా పని జరిపించేస్తుంది. మార్పు జరిగింది శుక్రవారం ఒంటిగంటా ఇరవైకి. రికార్డులో చేసినవారి పేరు జబీన్.

ఆ లైనుకు పెట్టిన పేరు రెండుసార్లు చదివింది.

లాప్‌టాప్ కాగితంతో, పెన్నుతో సహా ఎత్తుకుని నేరుగా యజమానురాలు కల్పలత గదిలోకి నడిచింది. సుబ్బరాజు వెనకే పరుగెత్తాడు.

“మేడమ్, ఈ పేరు చదవండి.”

కల్పలత కళ్లజోడు సర్దుకుంది. “కే, ఏ, ఎన్... కానిచ్చెయ్.”

బయట ఎవరో కిసుక్కుమన్నారు.

“రికార్డులో పేరు నీదేగా!” సుబ్బరాజు గొంతు లేచింది. “ఆ మాట ఎవరైనా రాయొచ్చు!”

“నా నోట్ల గా మాట వస్తదా సార్? మా ఇంట్ల ‘కానియ్’ అంటరు. ఐదేండ్ల సంది మీ నోట్లకెళ్లే ఇంటున్న. శుక్రవారం నేను లంచ్‌కు పోతూ సిస్టమ్ లాక్ చేయలే. గది నా తప్పే, రాసిస్తా. మీరు నా కుర్చీల కూసోని ఎర్రగున్నదానికి పచ్చరంగు పూసిండ్రు.”

“డెలివరీ శుక్రవారం సాయంత్రానికి! మేడమే కదా గొంతు మీద కూర్చున్నారు! ఫైర్‌ఫాక్స్‌లో తెలుగు పెట్టుకుని చూసేవాళ్లు ఎంతమందుంటారని నేను...”

సగంలో ఆగిపోయాడు. అప్పటికే ఆలస్యమైంది.

“ఒక్కడు,” అంది జబీన్. “ఐసీయూల ఉన్నడు.”

కల్పలత నుదురు రుద్దుకుంది. “సరే. ఆ కాగితం చింపెయ్ జబీన్. హాస్పిటల్ వాళ్లకి టెక్నికల్ ప్రాబ్లమ్ అని చెప్దాం.”

“చింప మేడమ్.”

జబీన్ ఆ దొంగ లైను తీసేసి, పాత లైన్లు తిరిగి పెట్టి, వాళ్ల ముందే పరీక్ష నడిపింది. క్రోమ్ పచ్చ. ఎడ్జ్ పచ్చ. ఫైర్‌ఫాక్స్ ఎర్రగా ఆగింది. ‘బటన్ మీద పట్టీ అడ్డం ఉంది.’

“హాస్పిటలోళ్లకు ఇదే చూపిస్తా. మీరొద్దంటే లిఫ్ట్ కాడ నిలబడి చెప్తా. సోమయ్య తాత బటన్ నొక్కరాక సస్తుండనుకుంటుండ్రు మేడమ్ అందరు.”

అద్దం తలుపు అవతల హాస్పిటల్ మనుషులు కనిపించారు. పది నిమిషాలు ముందే వచ్చేశారు. కల్పలత వాళ్లను చూసింది, ఎర్ర లైనును చూసింది. నెమ్మదిగా కుర్చీ వెనక్కి జరిపి, కాగితం అతనికే ఇమ్మన్నట్టు సుబ్బరాజు వైపు చేయి చూపింది.

జబీన్ కాగితం బల్ల మీద పరిచింది. ‘నిర్లక్ష్యం’ కొట్టేసి ‘మోసం’ అని రాసింది. తన పేరు కొట్టేసి ‘సుబ్బరాజు’ అని రాసింది. పెన్ను అతనిదే. తిరిగి అతని చేతిలో పెట్టింది.

“ఒక్క నిమిషం... కొంచెం ఆలోచించుకుని...” అతని మాట తడబడింది.

“కానిచ్చెయ్ సార్.”