సొట్టబోయిన రిమ్ము

మధు పోయి నెల దాటినా అతని కారు ఇంటి ముందు మూడు చక్రాల మీదే ఉంది. ముందు ఎడమ చక్రం ఉండాల్సిన చోట జాకీ పెట్టారు. ఖిలా వరంగల్‌లో ఆ గల్లీ వెంట పోయేవాళ్లు అక్కడికి రాగానే నడక తగ్గించి, ఒకసారి చూసి, తల తిప్పుకుని పోయేవారు. మధు తండ్రి మొండయ్య అరుగు మీద కూర్చుని అదంతా చూస్తూ ఉండేవాడు.

ములుగు నుంచి కిరాయికి ఎక్కిన మనుషులను తీసుకొస్తుంటే దారిలోనే మధు గుండె ఆగిపోయింది. కారు రోడ్డు పక్క రాయికి కొట్టుకుని నిలిచింది. లోపలి వాళ్లకు చిన్న గాయం కూడా కాలేదు. బండికీ ఏమీ కాలేదు, ఆ చక్రం ఇనుప రిమ్ము అంచు మాత్రం అరచెయ్యంత మేర లోపలికి సొట్టబోయింది.

"పానం పోయినంక బండి దానంతల అదే పోయి గుద్దుకున్నదట" అని ఎవరో అనుకోగా మొండయ్య విన్నాడు. అప్పటి నుంచి, విప్పి అరుగు పక్కన పెట్టిన ఆ చక్రం మీద సొట్ట కంటబడితే చాలు, స్టీరింగు మీద వాలిపోయిన కొడుకు తలే కళ్ల ముందుకొచ్చేది.

కోడలు ప్రేమలత కారును తన తమ్ముడు వినయ్‌కు నడపడానికి ఇద్దామనుకుంది.

"కొత్త రిమ్ము ఏపిద్దాం మామా."

"ఎందుకు బిడ్డా? బస్సు డిపోల పనిజేసినప్పుడు ఇసొంటియి చానా సాపు జేసిన. నా కొడుకు బండి నేనే జేస్త."

పంక్చరు షాపులో టైరు విప్పించి, ఉత్త రిమ్మును ఇంటికి తెచ్చుకున్నాడు. పొద్దున్నే వాకిట్లో మందపాటి చెక్క మీద దాన్ని ఆనించి, తీగల బ్రష్షుతో తుప్పు గీకాడు. పగుళ్లున్నాయేమోనని అంచు పొడుగునా వేలితో తడిమాడు. లేవు. సొట్ట లోపలి వైపు ఇంకో చెక్కముక్క పెట్టి, దాని మీద సుత్తితో కొట్టడం మొదలుపెట్టాడు. గట్టిగా ఒక్క దెబ్బ కొడితే ఇనుము చీలుతుంది. అందుకే ఈ చివర నాలుగు, ఆ చివర నాలుగు, మెల్లగా కొట్టుకుంటూ మధ్యకు వచ్చాడు.

"జర ఆగు మామా, చాయ్ తాగు" అని ప్రేమలత పిలిచినా లేవలేదు. కొడుకు పోయిన ఇన్ని రోజుల్లో ఆయన చేతులకు దొరికిన పని అదొక్కటే. ఎండెక్కేసరికి అంచు గుండ్రంగా వచ్చింది. రిమ్మును బండికి బిగించి తిప్పి చూశాడు. ఎక్కడా ఊగలేదు. చాలా రోజులకు ఆయన ఊపిరి తేలికగా ఆడింది.

అప్పుడే ఒకామె చంటిపిల్లను ఎత్తుకుని వాకిట్లోకి వచ్చింది.

"మధన్న ఇల్లు ఇదేనా బాపు? నా పేరు మొగిలమ్మ. మాది ములుగు. ఆ దినం ఆ బండ్లున్నది మేమే. పిల్లకు పానం బాగలేక ఇన్ని దినాలు రాలేకపోయిన."

ప్రేమలత నీళ్లిచ్చింది. ఆమె తాగలేదు.

"ఎదురుంగ లారీ వస్తాంది. అన్న రొమ్ము పట్టుకున్నడు. 'చెల్లె, పిల్లను గట్టిగ పట్టుకో' అన్నడు. ఒంటి చేత్తోని స్టీరింగు పక్కకు తిప్పిండు. కావాలనే ఆ రాయికి గుద్దిచ్చి ఆపిండు బాపు. ఆపినంకనే ఒరిగిండు."

మొండయ్య సుత్తిని కింద పెట్టాడు.

"ఏడ తగిలింది బాపు రాయి?" అని మొగిలమ్మ కారు దగ్గరికి వచ్చింది.

ఆయన రిమ్ము మీద వేలు పెట్టాడు. అక్కడ చూపించడానికేమీ లేదు. కొడుకు తన చేతులతో చేసిన ఆఖరి పని ఆ సొట్ట. పొద్దుటి నుంచి కూర్చుని, ఎంతో ఓపికగా, తనే దాన్ని లేకుండా చేశాడు.

"గీడనే ఉండె బిడ్డా" అన్నాడు. "నేనే సాపు జేసిన. నాకు తెల్వదు."

ప్రేమలత వచ్చి ఆయన పక్కన నేల మీద కూలబడింది. అంచు మీద ఆయన చేతిని తన చేత్తో మూసింది. ఇద్దరూ ఏడ్చారు. మొగిలమ్మ పిల్లను భుజాన వేసుకుని వాళ్ల ముందు కూర్చుంది.

కాసేపటికి మొండయ్య కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

"మల్ల చెప్పు బిడ్డా" అన్నాడు. "మీరు బండెక్కిన కాన్నుంచి చెప్పు. వాడు ఏమేం మాట్లాడిండో అన్ని చెప్పు."