రౌటర్‌కి పాత పేరే కావాలి

నెలలో నాలుగోసారి వదిన నుంచి ఫోన్. "అబ్బాయ్, రౌటర్ మళ్ళీ అన్నీ మర్చిపోయింది. వీలున్నప్పుడు రా. తొందరేం లేదు."

తొందరేం లేదట! ఊళ్ళో అందరి ఇళ్ళలో ఇంటర్నెట్ బాగుచేసే లైన్‌మన్, సొంత వదిన ఇంట్లో డబ్బాని దారికి తేలేకపోతే తోటివాళ్ళు నవ్విపోరూ? మొదటిసారి అడాప్టర్ మార్చాడు. రెండోసారి సాఫ్ట్‌వేర్ మళ్ళీ ఎక్కించాడు. మూడోసారి విసుగొచ్చి డబ్బానే మార్చేశాడు. ఆ కొత్తదీ పట్టుమని వారం నిలవలేదు.

అన్న పోయి మూడు నెలలు. ఆఫీసు మెట్లెక్కుతూ కూలిపోయాడు, అంతే. లైన్‌మన్‌కి ఆ రోజూ ఏడుపు రాలేదు, తర్వాతా రాలేదు. లోపలేదో మొద్దుబారిపోయింది. వేళకి తింటున్నాడు, స్తంభాలెక్కుతున్నాడు, దిగుతున్నాడు. వదినకి తను చేయగలిగింది ఈ రౌటర్ ఒక్కటే. అదీ చేతకావడం లేదు.

ఆమె కోరేదల్లా పాత పేరు, పాత పాస్‌వర్డ్, పొల్లు పోకుండా. అల్మరా మీద అన్న ఫోన్ ఎప్పుడూ ఛార్జింగ్‌లో ఉంటుంది. దాన్ని తెరిచే నంబరు ఎవరికీ తెలియదు, సిమ్ ఆగిపోయింది. అన్న పెట్టిన పేరుతో వైఫై ఉంటేనే అది దానంతటది తగులుకుంటుంది, అన్నకి వచ్చిన మెసేజ్‌లు టింగుమని మోగుతాయి. ఒక్క అక్షరం తేడా వచ్చినా ఆ ఫోన్ ఇక మూగదే.

శనివారం మధ్యాహ్నం వెళ్ళాడు. డబ్బా తిప్పి చూస్తే రీసెట్ బొక్క చుట్టూ సన్నటి గీతలు. అందులో సూదిలాంటిది పెట్టి పది సెకన్లు నొక్కిపడితే సెట్టింగులన్నీ పోతాయి. పక్కనే ఒక పిన్నీసు ఉంది. ఓరి దేవుడా, ఇన్నాళ్ళూ ఇదా సంగతి!

"వదినా, దీన్ని ఎవరు నొక్కుతున్నారు?"

"నేనే," అంది వదిన బట్టలు మడతపెడుతూ. నీళ్ళు నమల్లేదు.

"ఎందుకు?"

"మొదటిసారి దానంతటదే పోయింది. నువ్వొచ్చి బాగుచేయగానే ఆగిపోయినవన్నీ ఒక్కసారిగా వచ్చాయి. నలభై! మీ అన్నయ్య ఇంటికొచ్చి హడావిడి చేసినట్టే ఉంది. అందుకని మళ్ళీ నొక్కాను."

"స్విచ్ ఆపి వేసినా వచ్చేవి కదా."

"స్విచ్ నా చేతిలో పని. గంట తిరక్కుండానే వేసేస్తాను. ఇదైతే నువ్వొచ్చేదాకా ఆగాలి. ఆగితే ఎక్కువ వస్తాయి." చేతిలోని తువ్వాలు మడత విప్పి మళ్ళీ మడిచింది. "ఎక్కువేం రావడం లేదులే. మొన్న ఆరే. గ్రూపుల్లోంచి తీసేస్తున్నారు."

కోపం రావాల్సింది. అదీ రాలేదు. పాత పేరు కొట్టాడు, పాత పాస్‌వర్డ్ కొట్టాడు. పచ్చ లైటు వెలిగింది. ఇద్దరూ అల్మరా వైపు చూశారు. ఫోన్ వైఫైకి తగులుకుంది. ఒక నిమిషం గడిచింది, రెండు, అయిదు. ఒక్కటీ మోగలేదు.

"సరేలే," అంది వదిన. ఆ మాటలో ఏమీ లేదు.

అతను సంచీ భుజానికేసుకుని, వస్తానని చెప్పి తలుపు దగ్గరగా వేశాడు. మెట్ల దగ్గర కాళ్ళు ఆగిపోయాయి. జేబులోంచి ఫోన్ తీశాడు. మెసేజ్‌ల వరసలో అన్న పేరు ఎక్కడో అట్టడుక్కి జారిపోయింది. అందులో చివరి మెసేజ్ అన్న పంపిందే: "తిన్నావురా?" తను స్తంభం మీద ఉండగా చూసి, తర్వాత చెబుదాంలే అని వదిలేశాడు.

"తిన్నాను అన్నా," అని కొట్టి పంపాడు.

లోపల టింగుమంది.

తలుపు తెరుచుకుంది. వదిన చేతిలో అన్న ఫోన్.

"నువ్వే పెట్టావు కదూ?"

తలూపాడు. మూడు నెలలకి మొదటిసారి కళ్ళు నిండాయి.

"రేపు కూడా పెట్టు," అంది వదిన. "రౌటర్ జోలికి పోను."