లాభంతో మొదలయ్యే లెక్క

వ్యాపారంలో దిగిననాడు నా చేతిలో ఉన్నవి ఒక ఇనప కుంచం, ఒక పాత సైకిలు, బావ జగన్నాధం ఇచ్చిన మాట. తన జీడితోట పిక్కలు నాకే అమ్ముతానన్నాడు. ఆ మాట ఇప్పించింది ఆయన భార్య, మా అప్ప దాలమ్మ. సొంత అక్క అమ్మిందని తెలిశాకే భోగాపురం చుట్టుపక్కల రైతులు నన్ను నమ్మారు.

కుంచంతో కొలిచేటప్పుడు మేం ఒకటి అనం. మొదటిది లాభం, తరువాత రెండు, మూడు. కాటాలు వచ్చినా అప్ప కుంచాన్నే నమ్మింది. తన వాకిట్లో తనే కొలిచేది. "లాబం" అని గట్టిగా అని, నా మొహం చూసి నవ్వేది.

విమానాశ్రయానికి భూములు తీసుకుంటారన్న ఏడాది ఊరు రెండయింది. ఇమ్మనేవాళ్లకు ఒక టీ కొట్టు, వద్దనేవాళ్లకు ఇంకొకటి. నేను ఇమ్మన్నాను. ప్రభుత్వం హైవే వేసింది కాబట్టే నా పిక్కలు పలాస చేరుతున్నాయి.

బావ మా టీ కొట్టు ముందుకొచ్చి మరీ అడిగాడు.

"ఏట్రా నర్సింగా, గవర్నమెంటేటి నీకు పిల్లనిచ్చిన మావా, అంత ఎనకేసుకొస్తన్నావు?"

"రూపాయి బియ్యం తింతన్నావు, పింఛను తీసుకుంతన్నావు. ఇచ్చినన్నాళ్లూ మంచోడు, అడిగితే దొంగా?"

"ఆల్లు అడిగినారేట్రా? నా తోటలో జెండాలు పాతేసినారు."

"డబ్బులిస్తారు గదా బావ."

"నీ పిక్కల కొట్టు ఇచ్చేసి తీసుకో, సూద్దాం."

టీ కొట్టులో మావాళ్లే కొందరు నవ్వారు. నాకు ఒళ్లు మండింది.

చెట్లు లెక్కించడానికి రెవెన్యూవాళ్లు పోలీసులతో బావ తోటకు వచ్చారు. ఏది కాపు చెట్టో చెప్పేవాడు కావాలన్నారు. నేనే వెళ్లాను. పరిహారం లెక్కలో కాపు చెట్లు ఒక్కటీ తప్పిపోకుండా రాయిస్తే బావ కోపం తగ్గుతుందనుకున్నాను. ఆయన, అప్ప గట్టు మీద నిలబడ్డారు. నేను మొదటి చెట్టు మీద చెయ్యి వేసి, అలవాటు కొద్దీ అన్నాను.

"లాభం."

రెండో చెట్టు దగ్గరికి అడుగు పడలేదు.

"ఇన్నావేటే నీ తమ్ముడి మాట?" బావ అరిచాడు. "మన సెట్లు కొట్టడానికి లెక్కెడతా లాబమంతన్నాడు! ఎవుడికిరా లాబం?"

"నోటి అలవాటు బావ, మరేటీ కాదు."

"అలవాటే. అందికే నిజం బయటికొచ్చింది."

అప్ప గట్టు దిగి ఇంటికి వెళ్లిపోయింది. సాయంత్రానికి రెండు టీ కొట్లలోనూ నేను లాభం నర్సింగుణ్ణి. ఊరంతా కలిసి ఒప్పుకున్నది ఆ ఒక్క విషయమే.

వేసవిలో పిక్కలు రాలాక అప్ప కబురు పెట్టింది. కోపం పోయిందనుకుని గోనెసంచులు, కుంచం పట్టుకుని వెళ్లాను. బావ గదిలోంచి రాలేదు. అప్ప నా చేతిలోని కుంచం తీసుకుని, నిండా ముంచి, సంచిలో పోసింది.

"ఒకటి" అంది.

"అప్పా..."

"మాటిచ్చినాము గావట్టి ఈ యేడు ఇస్తన్నాను. ఇంక రాకు. సంచి సరిగ్గా పట్టు. రెండు."

ఇదీ నా లెక్క. తోట పోయింది, విమానం ఇంకా దిగలేదు. రోడ్డు వేసేవాడికి భూమి కావాలని ఇప్పటికీ అంటాను. నా కొట్టు రెండు గదులైంది. అప్ప వాకిట్లో కాలు పెట్టి నాలుగేళ్లయింది. ఊళ్లో నేను సంపాదించినదీ, ఏ ప్రభుత్వమూ తీసుకోలేనిదీ ఒకటుంది: లాభం అన్న పేరు.