ఇద్దరి పాటకు ఒక్క పేరు

ఆఫీసులో అందరూ ఆమెను చెవులమ్మ అనేవారు. జనం ఇంటర్నెట్‌లో పెట్టుకునే వీడియోల్లో వినిపించే పాటలు ఎవరివో కనిపెట్టి, వాళ్లకు రావలసిన రాయల్టీ అందేలా చూడడం ఆమె పని. పొద్దున హెడ్‌ఫోన్లు తగిలించుకుంటే మళ్లీ తీసేది బస్సెక్కేటప్పుడే. ఇంట్లో పలకరించేవాళ్లు లేరు. ఆఫీసులో పలకరించినా ఆమెకు వినిపించదు.

ఆ మధ్య ఒక పాట ఆమెను పట్టుకుని వదల్లేదు. హార్మోనియం మీద చిన్న వరస, దాని వెంటే ఒక ఆడగొంతు కూనిరాగం. పసిపిల్లల తొలి అడుగుల వీడియోలు ఏవి చూసినా వెనక అదే. సొంతదారు మాత్రం తేలలేదు. పాత క్యాసెట్లు అమ్మేవాళ్లందరినీ గాలిస్తే చివరికి ఆ పాటున్న క్యాసెట్టు అట్ట ఒకటి దొరికింది. దాని మీద ఒక్కటే పేరు. ఆ పేరుగలాయన ఇప్పుడు లిఫ్టులు బాగుచేస్తున్నాడు.

"వాయించింది నేనే," అన్నాడాయన ఫోనులో, దగ్గుతూ. "వరస కట్టిందీ, పాడిందీ మా చెల్లెలండీ. అట్ట మీద దాని పేరు వేయించలేదు. అప్పట్నుంచీ మాటల్లేవు. మింగలేక కక్కలేక ఉన్నాను. మొత్తం దాని పేరునే రాసేయండి."

చెల్లెలు బట్టలు కుడుతుంది. చెవులమ్మ ఆవిడ నంబరు వెతికి పట్టుకుని ఫోనులో సంగతి చెప్పగానే మిషను చప్పుడు ఆగిపోయింది.

"ఇన్నాళ్లకి గుర్తొచ్చానా? ఆయన దానం నాకేం అక్కర్లేదని చెప్పండి."

"మీరూ వద్దంటే పాట ఎవరిదీ కాకుండా పోతుందండీ."

"పోనివ్వండి. అప్పుడు మాత్రం నాదయిందా?"

చెల్లెలు ఫోను పెట్టేస్తుందనుకుంది చెవులమ్మ. పెట్టలేదు.

"ఆ దగ్గు ఇంకా ఉందా?" అని అడిగింది చెల్లెలు.

"ఉందండీ. మాటమాటకీ."

"మొండిఘటం! చెప్తే వింటేగా. నంబరివ్వండి, నాలుగు చీవాట్లు పెడతా."

నంబర్లు ఇవ్వకూడదన్నది ఆఫీసు నియమం. లైన్లు కలపకూడదని మాత్రం ఎవరూ చెప్పలేదు. చెవులమ్మ ఆ అన్నకు ఫోను చేసి ఇద్దరినీ కలిపింది.

అన్న దగ్గాడు.

"డాక్టరుకి చూపించుకున్నావా?"

"చూపించుకుంటాలేవే."

"నా పెళ్లి కాకముందు నుంచీ ఇదే పాట!"

అన్న నవ్వబోయి ఏడ్చాడు. "ఇద్దరి పేర్లూ రాయండమ్మా," అన్నాడు చెవులమ్మతో. "ముందు దానిది."

చెల్లెలు కాదనలేదు. తర్వాత ఇద్దరూ ఆమె సంగతే మరిచిపోయారు. అమ్మ బీరువా ఎవరింట్లో ఉందో, ఎవరి మోకాళ్లు ఎలా ఉన్నాయో, అన్నీ వచ్చాయి. చెవులమ్మ ఫోను పెట్టేస్తే వాళ్ల మాట తెగిపోతుంది. అందుకని దాన్ని బల్ల మీద వదిలి, వినకుండా ఉందామని కిటికీ దగ్గరికి వెళ్లి అన్నం డబ్బా విప్పింది. భోజనాల వేళ, గదిలో ఇంకెవరూ లేరు.

"లైన్లో ఉన్నావా?" అని ఫోనులోంచి అన్న గొంతు సన్నగా వినిపించింది.

తననే అనుకుని చెవులమ్మ చేతిలో ముద్ద వదిలేసి పరుగున వచ్చింది.

"ఉన్నాలే, చెప్పు," అంది చెల్లెలు.

చెవులమ్మ చప్పుడు చేయకుండా వెనక్కి వెళ్లి డబ్బా ముందు కూర్చుంది.