ఒక్కసారి వినే చెవి

ఆదివారం సాయంత్రం నాలుగింటికి అడిలైడ్ రేడియోలో సంగీత విమర్శకుడు ఆల్బన్ ప్రూయెట్ గొంతు వినిపించేది. సోమవారం పొద్దున ఊళ్లోని సంగీతం టీచర్లు పిల్లల పాఠాలు మార్చేవారు. ఆయన మెచ్చిన రికార్డులు దుకాణాల్లో అయిపోయేవి. ఆయన మెచ్చని గాయకులు ఆ తర్వాత పెళ్లి విందుల్లో పాడుకునేవారు. ఇరవై మూడేళ్లుగా ఇదే వరస. ఏ కచేరీ టేపునూ ఆయన ముందుగా వినేవారు కాదు. శ్రోతలతో పాటు ఒక్కసారి వినడం, టేపు ఆగగానే తీర్పు చెప్పడం. అదే ఆయన పద్ధతి, అదే ఆయన ప్రతిష్ఠ.

ఆ టేపులు తిప్పేది థెల్మా హార్కిన్. యుద్ధకాలంలో మగవాళ్లు వెళ్లిపోతే కంట్రోల్ గదిలోకి వచ్చి, వాళ్లు తిరిగొచ్చాక కూడా కుర్చీ వదలని మనిషి. నలభై నాలుగేళ్ల ఆమెను ప్రూయెట్ "అమ్మాయ్" అనే పిలిచేవారు.

1955 మార్చిలో ఒక ఆదివారం ఆయన వినవలసింది టనుండా ఊరి రెనాటె నోస్కే పియానో మీద వాయించిన ఒక సొనాటాలో నెమ్మదిగా సాగే భాగం. రెనాటెకు లండన్ స్కాలర్‌షిప్ దాదాపు ఖాయమైంది. శుక్రవారం కమిటీ ముందు ఒకసారి వాయిస్తే చాలు. ఆ ఏడు తప్పితే వయసు మించిపోతుంది. ద్రాక్షతోటలో పనిచేసే తండ్రి ఆమెను సొంతంగా పంపలేడు.

మధ్యాహ్నం టేపు సరిచూస్తూ థెల్మా ఉలిక్కిపడింది. రికార్డు చేసిన నాటి కాగితం మీద పదకొండు నిమిషాలని ఉంది. టేపు పది నిమిషాల ఇరవై సెకన్లకే అయిపోయింది. ఆనాడు రికార్డింగుకు వెళ్లిన రేడియో వ్యాను జనరేటరు నీరసించి, రికార్డు చేసే యంత్రం మందకొడిగా తిరిగిందన్నమాట. అందుకే ఇప్పుడు స్టూడియో యంత్రం మీద సంగీతం పరుగెత్తుతోంది. పియానో అంతా అర స్వరం పైకి పోయింది.

"సార్, ఈ టేపు ఈ వారం వద్దు. వేగం తప్పింది. సరిచేసి ఇస్తాను" అంది ప్రూయెట్‌తో.

"సంగీతాన్ని గడియారంతో కొలుస్తున్నావా అమ్మాయ్? గడియారం గుడ్లు ఉడకబెట్టుకోవడానికి."

"శ్రుతి కూడా మారింది సార్. వింటే మీకే తెలుస్తుంది."

"నాకు తెలియవలసింది నాకు తెలుస్తుంది. ఎక్కించు."

ఎక్కించింది. విన్నారు. మైకు ముందుకు వంగి అన్నారు: "ఈ పిల్లకు వేళ్లున్నాయి, ఓపిక లేదు. ప్రార్థనలా సాగవలసిన చోట రైలు తప్పిపోతుందేమోనని పరుగెత్తే గుమాస్తాలా వాయించింది. మెచ్చుకోదగినది పియానో ఒక్కటే. ఆ శ్రుతి ఎంత నిర్మలంగా ఉందో విన్నారు కదా."

సోమవారం థెల్మా రెనాటెకు జరిగినదంతా ఉత్తరం రాసింది. కమిటీ కార్యదర్శికి ఫోన్ చేసింది. "ప్రూయెట్ గారే అంటే వింటామండి. ఇంతకీ మీరెవరు?" అన్నాడతను.

బుధవారం, సరైన వేగానికి తెచ్చిన టేపును ప్రూయెట్‌కు వినిపించింది. ఆయన కళ్లు మూసుకుని చివరిదాకా విన్నారు.

"చూశావా, మూడు రోజుల్లో దారికొచ్చింది. ఏళ్ల తరబడి టీచరు చేయలేనిది నా ఒక్క మాట చేసింది."

"ఇది ఆదివారం విన్న టేపే సార్."

ప్రూయెట్ కళ్లు తెరిచారు. "ఈ మాట బయటికి పొక్కితే, వ్యాను మీద పర్యవేక్షణ ఎవరిదని అడుగుతారు. కాగితాల మీద సంతకం నీదే కదూ?"

సంతకం ఆమెదే. శుక్రవారం సెలవు పెట్టి థెల్మా కమిటీ హాలుకు వెళ్లింది. గుమ్మం దగ్గర రెనాటె చేతులు రుద్దుకుంటూ నిలబడి ఉంది.

"ఉత్తరం అందిందా?"

"అందిందండీ. నేను బాధపడతానని రాశారు. మీది మంచి మనసు."

"బాధపడతావని కాదమ్మా. నువ్వు సరిగ్గానే వాయించావు. అలాగే వాయించు."

"ప్రూయెట్ గారికి వినపడనిది మీకు వినపడిందంటారా?" రెనాటె మర్యాదగానే అడిగింది. "మా నాన్న కూడా రేడియో విని నిదానం, నిదానం అన్నాడు. రోజుకు తొమ్మిది గంటలు సాధన చేశాను."

లోపలికి వెళ్లి వాయించింది. పదకొండు నిమిషాల భాగానికి పద్నాలుగు పట్టింది. ప్రతి స్వరమూ అనుమతి అడిగి బయటికి వచ్చినట్టుంది. టీ కప్పు పక్కన పెడుతూ అధ్యక్షురాలు మిసెస్ పెండర్ పక్కావిడతో అంది: "ప్రాణమే లేదు పాపం. ఈ పిల్లలో ఏదో లోటుందని ఆయన ముందే పసిగట్టారు."

స్కాలర్‌షిప్ మరొకరికి వెళ్లింది. రెనాటె మెట్ల మీద కోటు గుండీలు ఒక్కొక్కటే పెట్టుకుంటూ, ఏడవకుండా, థెల్మాను అడిగింది:

"వీళ్ల సంగతి సరేనండీ. ఇప్పుడు నా వాయింపు ప్రూయెట్ గారు వింటే ఒప్పుకుంటారా?"

మొదటి వాయింపే సరైనదని ఈ పిల్లకు మళ్లీ చెప్పి ప్రయోజనం లేదని థెల్మాకు అర్థమైంది.

"బుధవారమే విని ఒప్పుకున్నారు" అంది.

రెనాటె ముఖం వెలిగింది. ఆ వెలుగుతోనే ఐదింటి టనుండా బస్సు ఎక్కింది.