కొండ దిగే దారి

తెల్లారేసరికి సుబ్బారావు హాల్లోని కొండ బొమ్మ మీద ఎవరో సున్నంతో గీత లాగారు.

పంతొమ్మిదో శతాబ్దంలో ఒక తెల్లదొర వేసిన బొమ్మ అది. నిలువునా చీలిన నల్లటి చరియలు, అడుగున లేస్తున్న పొగమంచు, పైన రాతి అంచు మీద బొటనవేలంత మనిషి. గీత ఆ మనిషి కాళ్ల దగ్గర మొదలై, మెలికలు తిరుగుతూ చట్రం దాకా దిగింది. మధ్యాహ్నం భోజనానికి వచ్చే మంత్రికి ఆ బొమ్మ బహూకరించాలని సుబ్బారావు ఆలోచన.

"ఒరేయ్ జమాలూ, సున్నం బకెట్టు నీదేగా?"

ప్రహరీకి వెల్ల వేస్తున్న జమాల్ పరుగెత్తుకొచ్చాడు. "బకెట్టు నాదే బాబుగారూ, గీత నాది కాదు. నిచ్చెనెక్కితేనే కళ్లు తిరుగుతయ్, నాకు కొండలెందుకు?"

"స్టేషన్లో ఎక్కిస్తార్లే." సుబ్బారావు ఫోన్ తీశాడు.

గుమ్మం పక్క స్టూలు మీద వాచ్‌మన్ తిరుపతయ్య దగ్గుతున్నాడు. వయసంతా మాచర్ల అవతల క్వారీలో రాయి పేల్చాడు. ఊపిరితిత్తుల్లో దుమ్ము పేరుకున్నాక ఈ స్టూలు దొరికింది. గేటు తీయడం, మోటరు వేయడం, పొద్దుగూకేదాకా ఎదురుగా ఉన్న ఆ బొమ్మను చూస్తూ కూర్చోవడం. గేటు పక్క రేకుల గది ఈ పనితో వచ్చింది. పని పోతే గదీ పోతుంది.

టీ తెచ్చిన భార్య నరసమ్మ అతని వేళ్లు చూసి గొంతు తగ్గించింది. "గోళ్లల్లో ఆ సున్నమేందయ్యా?"

అతను వేళ్లు పిడికిట్లో దాచుకున్నాడు.

"నోరు తెరిచావంటే చూడు! ఈ వయసులో నన్ను రోడ్డున పడేయమాక."

జీపు వచ్చింది. కానిస్టేబుల్ దిగి జమాల్ రెక్క పట్టుకున్నాడు. "నువ్వన్నా చెప్పు మామా!" అని జమాల్ అరిచాడు.

తిరుపతయ్య గోడ పట్టుకుని లేచాడు. నరసమ్మ చొక్కా లాగినా ఆగలేదు. గేటు తాళాలు స్టూలు మీద పెట్టాడు.

"వాణ్ణి వదలండి బాబుగారూ, గీసింది నేను. క్వారీలో మందు పెట్టేముందు, పైనున్నోడు దిగే దారి సున్నంతో గీస్తాం. అది లేందే వత్తి ముట్టించం. ఈ దొరెవరో దారి గియ్యకుండానే పేల్చాడు. పొగ చూడండి, సగం కొండకు లేచింది. బొమ్మేనని నాకూ తెలుసు. కానీ రోజంతా వాడు ఆడనే నిలబడి నా వంకే చూస్తంటాడు. ఇయ్యాల బొమ్మ పోద్దంటిరి. వాణ్ణి అట్టాగే వదిలేసి ఎట్టా పంపేది?"