మూడు ముక్కల బంపరు

కంప్యూటర్ స్క్రీన్ మీద వేలిముద్ర కనిపిస్తే చిన్నకూతురికి ఒళ్ళు మండేది. కళ్ళద్దాల షాపులో పొద్దస్తమానం అద్దాలు అరగదీసి, తుడిచి, వెలుతురుకి పట్టి చూసే పని ఆవిడది. అలాంటిది ఆ నాలుగు వారాలూ స్క్రీన్ నిండా వాళ్ళ నాన్న అరచేతి ముద్రలుంటే ఆవిడ కిక్కురుమనలేదు. ఎందుకో చెబుతాను వినండి.

నాన్న డెంటింగ్ మేస్త్రి. గుద్దుకుని సొట్టలు పడ్డ కార్లను సుత్తితో తట్టి తట్టి మళ్ళీ మామూలు చేసేవాడు. నలభై ఏళ్ళు అదే పని. కళ్ళు మూసుకుని అరచేత్తో రేకును తడిమి, ఎక్కడ ఎంత లోతుందో చెప్పేవాడు. ఎవరైనా కారు అమ్ముకోవడానికి తెస్తే, కొనేవాడి ఎదురుగానే "ఈ తలుపు ఒకసారి దెబ్బతింది బాబూ" అనేసి బేరం చెడగొట్టిన ఘనుడు కూడా. రెండేళ్ళ కిందట చేతులు వణకడం మొదలైంది. ఒకరోజు సుత్తి గురి తప్పి, బాగున్న బానెట్ మీద తనే కొత్త సొట్ట వేశాడు. ఆ సాయంత్రం పనిముట్లన్నీ తుడిచి పెట్టెలో సర్ది, ఇంటికొచ్చి కూర్చున్నాడు. అంతే, మనిషి దగ్గర మాటే కరువైంది. ఏం తింటావంటే "ఏదో ఒకటి", ఎలా ఉందంటే "ఏదోలే".

"ఇంట్లో బీరువాతో మాట్లాడినా తలుపు కిర్రుమంటుంది, ఈయన అదీ అనడు" అని అమ్మ తల పట్టుకునేది.

చిన్నకూతురికేమో కంప్యూటర్లో కార్లు తయారుచేసే ఆట పిచ్చి. ఇంజను దగ్గర్నుంచి తలుపు పిడి దాకా అన్నీ మనమే బిగించుకోవాలి. ఆ పిచ్చి ఉన్నవాళ్ళంతా ఇంటర్నెట్లో ఒక ఫోరంలో చేరి పోటీలు పెట్టుకుంటారు. ఒకరు కస్టమర్ కథ రాస్తారు, ఫలానా మనిషికి ఫలానా కారు కావాలని. మిగిలినవాళ్ళు కారు చేసి, దాని గురించి నాలుగు మాటలు రాసి పంపాలి. ఒకసారి పంపితే పంపినట్టే, మార్చడానికి లేదు. గెలిచినవాళ్ళకి బహుమతంటూ ఏమీ ఉండదు. తరువాతి పోటీకి కథ రాసి తీర్పు చెప్పే కుర్చీ దక్కుతుంది. దానికోసం కొట్టుకు చస్తారు మహానుభావులు!

ఒక సాయంత్రం ఆవిడ కారు బాడీని అటూ ఇటూ తిప్పి చూసుకుంటుంటే వెనక నుంచి గొంతు వినిపించింది.

"నెమ్మదిగా తిప్పు."

ఉలిక్కిపడింది. నాన్న టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని నిలబడున్నాడు.

"ఆఁ... ఆపు. వెనక చక్రం పైన వెలుగు గీత విరిగింది, చూశావా? షెడ్లో ట్యూబ్‌లైటు వెలుగు రేకు మీద ఇలాగే పాకుతుంది. గీత వంకరపోయిన చోట సొట్ట ఉన్నట్టే."

దగ్గరికి లాగి చూస్తే నిజమే. నాలుగు రోజులుగా అదే కారును చూస్తోంది, ఆవిడ కంట పడలేదు. ఈయన నిలబడ్డంతసేపట్లో పట్టేశాడు! లేచి కుర్చీ పక్కకి ఇంకో కుర్చీ లాగింది.

ఆ నెల పోటీ పెట్టినవాడు ఫోరంలో పాతగేరు అనే పేరుతో తిరిగే పెద్దమనిషి. అతని కథలో కస్టమర్ ఒక పశువుల డాక్టరమ్మ. కొండ దారుల్లో ఒంటరిగా తిరుగుతుంది, రిపేరు షెడ్డు ఎక్కడో దూరాన ఉంటుంది. ఆ కథ చదివి వినిపించగానే మేస్త్రి లేచి నిలబడ్డాడు. పాత క్యాలెండర్ కాగితాల వెనక వణికే చేత్తో గీతలు గీశాడు. "ఆ గీత కాదే, పక్కది" అంటూ స్క్రీన్ మీద అరచెయ్యి ఆనించి వంపు చూపించేవాడు. మౌస్ ఆవిడది, చూపు ఆయనది. అన్నం చల్లారిపోతోందని అమ్మ అరుస్తూనే, గుమ్మంలో నిలబడి ఆ ఇద్దరినీ చూసి కళ్ళు తుడుచుకునేది.

గొడవంతా బంపరు దగ్గరే వచ్చింది. మధ్యలో ఒక ముక్క, మూలలకి చెరొకటి, మొత్తం మూడు ముక్కలుగా ఉండాలన్నాడాయన. బోల్టులు బయటికి కనబడాలి.

"చూడ్డానికి అతుకుల బొంతలా ఉంటుంది నాన్నా. ఆటలో దీనికి మార్కులుండవు."

"మార్కులెవడిక్కావాలే? మూల గుద్దుకుని బంపరు చక్రానికి రాసుకుంటే ఆ తల్లి ఏం చేస్తుంది? రెండు బోల్టులిప్పి, ఆ ముక్క తీసి వెనకాల పడేసుకుని వెళ్ళిపోతుంది. అవతల ఆవు ఈనుతుంటే ఈవిడ బంపరు పట్టుకు ఏడవాలా?"

ఆవిడ నవ్వి, ఆయన చెప్పినట్టే బంపరు చేసింది. కారుతో పంపాల్సిన రాతలోనూ ఆయన చెప్పిన మాటలే రాసింది.

ఆదివారం సాయంత్రం ఆరింటికి గడువు. ఐదున్నరకి ఆయన స్నానానికి వెళ్ళాడు. ఒంటరిగా కూర్చున్న చిన్నకూతురికి ఆ రెండు అతుకులూ కంట్లో నలుసుల్లా కనబడ్డాయి. ఎలాగైనా నాన్న గెలవాలి, ఆ కుర్చీ ఆయనకి దక్కాలి, అదొక్కటే ఆవిడ కోరిక. రోజంతా అద్దాలు అరగదీసే చెయ్యి ఊరుకుంటుందా? మూడు ముక్కలు తీసేసి నున్నటి బంపరు ఒక్కటి పెట్టి పంపేసింది. రాత మార్చడం మాత్రం మరిచిపోయింది.

వారం తరువాత తీర్పు వచ్చింది. ఆయన పక్కన కూర్చుని "గట్టిగా చదువు" అన్నాడు. పాతగేరు బాడీని మెచ్చుకున్నాడు, ఇంత శుభ్రమైన రేకు ఈ మధ్య చూడలేదన్నాడు. ఆ తరువాత: "రాతలో మూడు ముక్కల బంపరు, బండికి ఒకటే ముక్క. మనసు దోచిన విషయం బండి మీద లేదు. ఆరో స్థానం."

"ఒకటే ముక్కేంటే?" అన్నాడాయన.

ఆవిడ చెప్పేసింది. ఆయన అరిచుంటే బాగుండేది. లేచి, తువ్వాలు భుజాన వేసుకుని, వెళ్ళి తన పాత కుర్చీలో కూర్చున్నాడు. రాత్రి ఏం తింటావంటే "ఏదో ఒకటి" అన్నాడు.

ఆ మాట విని ఆవిడ మళ్ళీ కంప్యూటర్ ముందు కూర్చుంది. పదిమందీ చూసేలా ఫోరంలో రాసింది: "తప్పు నాది. ఈ కారు మా నాన్నది, నలభై ఏళ్ళు డెంటింగ్ చేసిన మేస్త్రి. ఆయనకి చెప్పకుండా ఆయన పనిని నేను చెడగొట్టాను. అసలు బండి ఇది. మార్కులు వద్దు, ఒక్కసారి చూడండి."

మరుసటి రోజు షాపు నుంచి వచ్చి తెరిస్తే జవాబులు వరసగట్టి ఉన్నాయి. బోల్టులు అక్కడే ఎందుకని ఒకరు, రేకు మందం ఎంత ఉండాలని ఇంకొకరు, మేస్త్రిగారూ నా కారులో సొట్ట ఎక్కడుందో చెప్పండని మరొకరు. చివర్న, గెలిచినమ్మాయి జవాబు. ఫోరంలో ఆమె పేరు నత్త.

"గెలుపు నాదే, అది మాత్రం ఇవ్వను! కానీ తరువాతి పోటీ పెట్టే కుర్చీ మేస్త్రిగారికి ఇస్తున్నాను. ఈసారి కస్టమర్, కారును బాగుచేసే మనిషి. తీర్పు ఆయనదే."

ఆవిడ గట్టిగా చదివి వినిపించింది. ఆయన పాత కుర్చీలోంచి లేచి వచ్చి, స్క్రీన్ మీద ఆ మాటల దగ్గర అరచెయ్యి ఆనించాడు.

"టీ పెట్టమను మీ అమ్మని, చక్కెర ఎక్కువెయ్యమను" అన్నాడు. వంటింట్లోంచి "వినబడింది మహానుభావా!" అని కేక వచ్చింది.

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"రాయి. మొదటి రూలు. మేస్త్రికి చెప్పకుండా బంపరు ముట్టుకున్నవాళ్ళని పోటీలోంచి తీసేస్తారు."

చిన్నకూతురు కళ్ళు తుడుచుకుని అక్షరం పొల్లుపోకుండా రాసింది. "మరి నేను పోటీకి కారు పంపొచ్చా నాన్నా?"

"పంపు" అన్నాడాయన. "అతుకులు కనబడాలి."